రూపాయి బిళ్ళ మీది సింహాలు, మన చేతిలోని ధమ్మం



మన ఆలేరులో ఆదివారం పొద్దున బుద్ధ వందన అయినంక అరగంట సేపు కూసొని మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఎవరికి ఏ అనుమానం ఉన్నా అడగొచ్చు, చిన్నా పెద్దా తేడా లేదు. అట్లా ఒక ఆదివారం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకామె లేచింది. చేతిలో రూపాయి బిళ్ళ ఉంది.

“కాకా, ఈ సింహాలు అశోకునివే గదా? అశోకుడు బౌద్ధుడే గదా? అంటే సర్కారు పైసల మీద మన ధమ్మం గుర్తే ఉన్నట్టు. మరి ఊర్లె మనల్ని ఇంకా ఎందుకు దూరం పెడ్తరు?”

ఇట్లాంటి ప్రశ్నకు మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. ఒకటి గర్వం: “చూడు బిడ్డా, దేశమంతా మన గుర్తునే జేబుల పెట్టుకొని తిరుగుతున్నది.” రెండోది కోపం: “గుర్తు తీసుకున్నరు గానీ ధమ్మాన్ని వదిలేసిండ్రు.” రెండింట్లోనూ నిజం ఉంది. కానీ ఆ పిల్ల అడిగింది ఈ రెండూ కాదు. గుర్తు ఉన్నచోట గుణం ఎందుకు లేదు అని అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. “వచ్చే వారం అందరూ ఇంట్లో ఉన్న చిల్లర తెచ్చుకోండి, చూస్తూ మాట్లాడుకుందాం” అన్నాను. ఆ రోజు మాట్లాడుకున్నదీ, ఆ తర్వాత నాలో నేను ఆలోచించుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

మూడు చూపులు

క్రీస్తు శకం 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపురంలో ఉండి ‘విసుద్ధిమగ్గ’ అనే గ్రంథం రాసిన ఆచార్య బుద్ధఘోషుడు అందులో ఒక పోలిక చెప్పాడు. సరాఫు పలక మీద నాణేల కుప్ప ఉంది. లోకం తెలియని పసిపిల్లవాడు దాన్ని చూస్తాడు. వాడికి కనిపించేది రంగు, ఆకారం, మీద ఉన్న బొమ్మ. అవి పనికొచ్చే వస్తువులని కూడా వాడికి తెలియదు. ఊరి మనిషి ఒకడు చూస్తాడు. అతనికి బొమ్మ కనబడుతుంది, దానితో సరుకు కొనుక్కోవచ్చని కూడా తెలుసు. కానీ ఏది అసలో ఏది నకిలీయో తెలియదు. మూడోవాడు సరాఫు. అతను చూసి, మోగించి, చేత్తో తూచి, ఇది మంచిది, ఇది దొంగది, ఇందులో సగమే విలువ ఉందని చెప్పేస్తాడు. ఎక్కడ తయారైందో, ఎవరి పనితనమో కూడా చెబుతాడు.

పిల్లవాడి చూపు సంజ్ఞ, ఊరివాడి చూపు విజ్ఞానం, సరాఫు చూపు ప్రజ్ఞ అని బుద్ధఘోషుడు విడదీశాడు. మనసు ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఆయన నాణేన్ని వాడుకున్నాడు. మనం ఈ పోలికను తిరిగి నాణెం దగ్గరికే తీసుకొద్దాం.

మొదటి చూపు: బొమ్మ

పిల్లలు తెచ్చిన బిళ్ళలు చాప మీద పరిచాం. రూపాయి, రెండు, అయిదు, రెండు రంగుల పది, పన్నెండు మూలల ఇరవై. అన్నిటి మీదా ఒక వైపు అదే బొమ్మ: మూడు సింహాలు, వాటి కింద పీట, పీట మధ్యలో చక్రం, కుడి వైపు ఎద్దు, ఎడమ వైపు గుర్రం, కింద దేవనాగరి లిపిలో ‘సత్యమేవ జయతే’.

అసలు రాయి సారనాథ్‌లో ఉంది. బుద్ధుడు అయిదుగురు భిక్షువులకు మొదటి ఉపదేశం చేసి ధమ్మచక్రాన్ని కదిలించిన చోటు అది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడ స్తంభం నిలబెట్టించాడు. కాలక్రమంలో అది విరిగి మట్టిలో కలిసిపోయింది. 1904-05లో ఓర్టెల్ అనే ఇంజనీరు తవ్వకాలు జరిపిస్తే సింహాల తల బయటపడింది. దాదాపు 7 అడుగుల ఎత్తు, ఒకే రాయి. సింహాలు మూడు కాదు, నాలుగు, వీపులు కలిపి నాలుగు దిక్కులు చూస్తుంటాయి. పీట మీద ఎద్దు, గుర్రంతో పాటు ఏనుగు, సింహం కూడా ఉన్నాయి. 1950 జనవరి 26న గణతంత్రంతో పాటు ఇది మన జాతీయ చిహ్నమైంది. అదే ఏడాది ఆగస్టు 15న కొత్త నాణేలు వచ్చాయి. వాటి మీద ఇంగ్లండు రాజు తల పోయి, అశోకుని సింహాలు వచ్చాయి. ఆనాటి ఒక పైస మీద గుర్రం, అణా మీద ఎద్దు కూడా ఉండేవి. అవీ సారనాథ్ పీట మీదివే.

మన నైజాం ఇలాకాలో అప్పటిదాకా చెలామణి అయినవి హాలీ సిక్కాలు. వాటి మీద చార్మినార్ బొమ్మ ఉండేది. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం దేశంలో కలిసింది. ఆ తర్వాత 1950ల చివరి దాకా రెండు రకాల పైసలూ నడిచి, ఆనక హాలీ మాయమైంది. మన తాతలు చార్మినార్ బిళ్ళను వదిలి సింహాల బిళ్ళను పట్టుకున్న తరం.

ఇంకో ముచ్చట పిల్లలకు బాగా నచ్చింది. కొన్ని బిళ్ళల మీద సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటుంది. అది హైదరాబాద్ టంకశాల గుర్తు. 1903లో సైఫాబాద్‌లో పెట్టిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. ఆలేరు స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కితే భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటినంక చర్లపల్లి. అంటే మనం రోజూ పనికి పోయే దారిలోనే ఈ సింహాలు అచ్చుపడుతున్నాయి. “మనోళ్ళ బిళ్ళ” అని పిల్లలు నక్షత్రం ఉన్నవి ఏరి పక్కన పెట్టుకున్నారు.

ఇదంతా తెలుసుకోవాల్సిందే. మన చరిత్రను మనం చెప్పుకోకపోతే ఇంకొకరు చెప్పరు. కానీ ఇక్కడితో ఆగితే అది పసిపిల్లవాడి చూపే. బొమ్మ చూసి సంబురపడటమే.

రెండో చూపు: వాడకం

మా నాయిన డప్పు కొట్టేటోడు. నాకు ఏడేండ్లప్పుడు పక్క ఊర్లో ఒక పెండ్లి బారాత్‌కు నన్ను కూడా తీస్కపోయిండు. అర్ధరాత్రి ఊరి నడిమిట్ల ఒక పెద్దమనిషి రూపాయి బిళ్ళ తీసి మట్టిల పెట్టి, “చెయ్యి పెట్టొద్దు, డప్పు ఆగొద్దు, నోటితోని తియ్యి” అన్నడు. నాయిన డప్పు కొడుతనే నడుము వంచి, మోకాళ్ళ మీద కూసొని, మొఖం మట్టికి ఆనిచ్చి పెదవులతోని బిళ్ళ తీసిండు. అందరు ఈలలేసిండ్రు. నేను కూడా చప్పట్లు కొట్టిన. మా నాయిన ఏదో గొప్ప విద్య చేసిండనుకున్న.

ఇంటికొచ్చినంక నాయిన ఆ బిళ్ళను నీళ్ళతో కడిగి నాకిచ్చిండు. దాని గీతల సందుల్లో ఇంకా మట్టి ఉంది. అప్పుడు అది సింహం బొమ్మ అని నాకు తెలుసు. ఆ సింహం ఎవరిదో తెలియదు. పెరిగి ఇంటర్‌కొచ్చినంక ఒకసారి అడిగిన, “నాయినా, అప్పుడు నీకు కోపం రాలేదా?” అని.

“బిళ్ళ తప్పేందిరా? మట్టిల పడ్డంత మాత్రాన రూపాయి ఆఠాణా అయితదా?” అన్నడు.

ఆ మాట నాకు చాలా ఏండ్లు ధైర్యమిచ్చింది. మనిషి విలువ ఎవడో మట్టిలో పడేస్తే తగ్గదు. నిజమే. కానీ ఇప్పుడు ఆలోచిస్తే అది సగం మాటే అనిపిస్తున్నది. బిళ్ళకు తప్పు లేదు సరే, మట్టిలో పెట్టినోని తప్పు సంగతేంది? ఆ సగం మా నాయిన ఎన్నడూ బయటికి అనలేదు. అనే జాగా ఆయనకు ఆ ఊరు ఇవ్వలేదు.

మీలో నలభై దాటినోళ్ళందరికీ ఇట్లాంటి జ్ఞాపకం ఒకటైనా ఉంటుంది. చాయ్ హోటల్లో మన పైసలు గల్లా పక్కన పెట్టాలి, చేతికి ఇవ్వద్దు. చిల్లర తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళ చెయ్యి పైన, మన చెయ్యి కింద, నడుమ జానెడు ఖాళీ. బిళ్ళ పైనుంచి జారి మన అరచేతిలో పడేది. కొందరు మన పైసల మీద నీళ్ళు చల్లి తీసుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. చెయ్యి ముట్టొద్దు, ఆ చేతిలోని పైస మాత్రం ముట్టొచ్చు. పొద్దంతా ఆ చేతిలోనే ఉన్నది, ఆ చేతి చెమటతో తడిసినది. నాలుగు నీటి చుక్కలతో పైస శుద్ధి అవుతుంది, మనిషి మాత్రం ఏడు తరాలైనా కాడు! అంటరానితనం అబద్ధమని రుజువు చేయడానికి పుస్తకాలు అక్కర్లేదు. చెలామణిలో ఉన్న ప్రతి బిళ్ళా సాక్ష్యమే. అది మాదిగవాడలో నుంచి కిరాణా దుకాణానికి, అక్కడి నుంచి గుడి హుండీకి, హుండీ నుంచి బ్యాంకుకు, మళ్ళా మన కూలికి వస్తుంది. ఎక్కడా మైల పడదు.

పైసను బుద్ధుడు ఎట్లా చూశాడు? భిక్షువులు వెండి బంగారాలు ముట్టగూడదని వినయం చెబుతుంది. బుద్ధుని తర్వాత వైశాలి భిక్షువులు పైసలు తీసుకోవడం మొదలుపెడితే, దాని మీదా ఇంకొన్ని అంశాల మీదా రెండో సంగీతి జరిగి, అది తప్పని తేల్చింది. కానీ గృహస్థుకు ఆయన ఎన్నడూ పైసను పాపమని చెప్పలేదు. సిగాలునికి చేసిన ఉపదేశంలో, సంపాదనను నాలుగు పాళ్ళు చేసి ఒక పాలు తిని బతకమనీ, రెండు పాళ్ళు పనిలో పెట్టమనీ, ఒక పాలు ఆపద కోసం దాచుకోమనీ చెప్పాడు. అనాథపిండికుడు జేతవనం కొనడానికి నేలంతా నాణేలు పరిచాడు. ఆ కథను భర్హుత్ స్తూపం రాతి మీద చెక్కారు. బండి మీద నుంచి నాణేలు దించి నేల మీద పరుస్తున్న మనుషులు అందులో కనబడతారు.

అంతదూరం ఎందుకు, మన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫణిగిరిలోనే ఉంది. ఆ గుట్ట మీది బౌద్ధ విహారంలో 2024 మార్చిలో తవ్వకాలు జరిపినప్పుడు ఒక మట్టి కుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలంవి. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు ఉజ్జయిని గుర్తు. మన రూపాయి మీద కనబడని సారనాథ్ పీటమీది ఏనుగును తలుచుకొని, “ఆ ఏనుగు మన ఫణిగిరి బిళ్ళ మీద ఉన్నది” అని మన పిల్లాడొకడు నవ్వుతూ అన్నాడు. ఏ ఏనుగు ఏదో పండితులు తేలుస్తారు. మనకు కావలసింది ఇంతే: పదిహేడు వందల ఏండ్ల కింద ఈ నేల మీద ధమ్మం ఉన్నచోట పైస కూడా ఉంది. పైసకు దూరంగా పారిపోవడం గృహస్థు ధర్మం కాదు. దాన్ని ఎట్లా సంపాదిస్తాం, ఎట్లా ఇస్తాం, ఎట్లా తీసుకుంటాం అన్నదే అసలు ప్రశ్న.

మూడో చూపు: అసలా, నకిలీయా?

ఇప్పుడు సరాఫు లెక్క చూద్దాం. సరాఫు మొదట వెతికేది ఏది తక్కువైందో.

సారనాథ్‌లో ఆ నాలుగు సింహాల నెత్తి మీద ఒక పెద్ద ధమ్మచక్రం ఉండేది. అది విరిగిపోయింది. దాని ముక్కలే దొరికాయి. అంటే అశోకుడు చేయించినప్పుడు ఆ స్తంభం మీద అందరికంటే పైన ఉన్నది సింహం కాదు, చక్రం. సింహాలు దాన్ని మోసే బోయీలు. బలం కింద, ధమ్మం పైన. ఆ సింహాల నోళ్ళు తెరిచి ఉన్నది కరవడానికి కాదు, బుద్ధుని మాటను నాలుగు దిక్కులకూ వినిపించడానికి. బుద్ధుని ఉపదేశాన్ని సింహనాదం అంటారు.

జాతీయ చిహ్నంలోకి వచ్చేసరికి పైచక్రం లేదు. దొరికిన రాయి అట్లా ఉంది కాబట్టి బొమ్మా అట్లాగే వచ్చింది. ఎవరి కుట్రా కాదు. కింద పీట మీది చిన్న చక్రం మాత్రం మిగిలింది. అయినా నాకు ఆ ఖాళీ జాగా ఒక ప్రశ్నలా కనబడుతుంది. 2022 జూలైలో కొత్త పార్లమెంటు భవనం మీద పెట్టిన సింహాలు కోపంగా ఉన్నాయని కొందరు, అదేం లేదని కొందరు వాదించుకున్నారు. సింహం మొఖం కంటే దాని నెత్తి మీద ఏముందన్నది పెద్ద ప్రశ్న. బలం మీద ధమ్మం ఉంటే అది కాపలా. లేకపోతే పెండ్లి బారాత్‌లో బిళ్ళను మట్టిలో పెట్టినోని బలం లాంటిదే అదీ.

రెండోది, కింద రాసిన మాట. సారనాథ్ స్తంభం మీద అశోకుడు రాయించిన శాసనం వేరు. సంఘాన్ని చీల్చవద్దు, చీల్చిన భిక్షువైనా భిక్షుణి అయినా తెల్లబట్ట కట్టి బయట ఉండాలని అది హెచ్చరిస్తుంది. ఒక్క ఊర్లో మూడు అంబేద్కర్ సంఘాలు పెట్టుకొని, ఒకరి వందనకు ఒకరు పోని మనం ఆ శాసనాన్ని గోడకు రాసుకోవాలి. నాణెం మీది ‘సత్యమేవ జయతే’ ముండకోపనిషత్తులోది, బుద్ధవచనం కాదు. కొందరు మిత్రులకు ఇది కష్టంగా ఉంటుంది. నాకైతే లేదు. మాట ఎక్కడిదని కాదు, నిలబడుతుందా లేదా అని చూడమనే గదా కాలాములకు బుద్ధుడు చెప్పింది. నిలబెట్టి చూద్దాం. సత్యం గెలుస్తుందా? ఈ సింహాలే సాక్ష్యం: వందల ఏండ్లు మట్టి కింద ఉన్నాయి. వాటంతట అవి పైకి రాలేదు. ఎవరో గడ్డపార పట్టి తవ్వితే వచ్చాయి. సత్యం గెలుస్తుంది, తవ్వే చేతులుంటే.

మూడోది చెల్లుబాటు. కొన్నేండ్ల కింద పది రూపాయల బిళ్ళ చెల్లదని మన దగ్గర పుకారు లేచింది. గీతలు పది ఉంటే మంచిది, పదిహేను ఉంటే దొంగది అన్నారు. రూపాయి గుర్తు లేకపోతే నకిలీ అన్నారు. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ప్రకటన చేసింది: అప్పటికి విడుదలైన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని. అయినా దుకాణాల్లో తీసుకోలేదు. “చెల్లుతది గానీ, మా కాడ ఎవరూ తీస్కుంటలేరు” అనేవాళ్ళు. కూరగాయలమ్మే ఆమె సంచి నిండా పది బిళ్ళలు పెట్టుకొని, వాటిని ఎవరూ తీసుకోక, నలుగురిని బతిమాలడం నేను చూశాను. చట్టం చెల్లుతుందన్నది. ఊరు చెల్లదన్నది. ఊరిదే నెగ్గింది.

ఈ మాట మనం ఇంకెక్కడో వినలేదా? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. “చట్టం సరే, మా ఊర్లె మాత్రం...” అని ఊరు అంటూనే ఉన్నది. కులం కూడా ఒక పుకారే. పది రూపాయల పుకారు కొన్నేండ్లది, ఇది రెండు వేల ఏండ్లకు పైబడినది. రెండింటి బలం ఒక్కటే: ‘అందరూ అట్లనే అంటున్నరు’. ఎవరో చెప్పారని, తరతరాల నుంచి వస్తున్నదని, గ్రంథంలో ఉన్నదని నమ్మకండి అని బుద్ధుడు కాలాములకు చెప్పింది ఈ రోగం గురించే. సింహాల ముద్రతో టంకశాల అచ్చేసిన బిళ్ళనే పుకారు ఓడించిందంటే, ముద్ర ఒక్కటే చాలదని ఆ పిల్ల ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ముద్రకు విలువనిచ్చేది దాన్ని తీసుకునే చెయ్యి.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి తెలుసు. ఆయన లండన్‌లో డాక్టరేటుకు రాసింది రూపాయి మీదనే. ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ 1923లో అచ్చయింది. రూపాయి మీద ఎవరి బొమ్మ ఉందన్నది కాదు, దాని కొనుగోలు శక్తి నిలకడగా ఉందా లేదా అన్నది అందులో ఆయన పట్టు. తర్వాత 1947లో జెండాను నిర్ణయించిన కమిటీలో ఆయన సభ్యుడు. జూలై 22న రాజ్యాంగ సభ అశోక చక్రమున్న జెండాను ఆమోదించింది. అయినా జెండా మీద చక్రం వచ్చింది గదా అని ఆయన ఊరుకోలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి ధమ్మంలో చేరాడు. గుర్తు దేశం తీసుకుంది. నడక మనమే నడవాలని ఆయన చూపించాడు. 1990లో ఆయన శతజయంతికి రూపాయి బిళ్ళ మీద, 2015లో 125వ జయంతికి పది రూపాయల బిళ్ళ మీద ఆయన బొమ్మే వచ్చింది. అంటే ఈ రోజు ఎవడైనా మనకు పైసను విసిరితే, మట్టిలో పడేది బాబాసాహెబ్ మొఖం కూడా కావచ్చు.

నా చేతి తప్పు

ఇంతవరకు ఊరి తప్పు చెప్పాను. ఇప్పుడు నాది.

పోయిన ఎండాకాలం బస్టాండ్‌లో ఒక ముసలామె గుడ్డ పరుచుకొని కూసున్నది. మనకంటే కింద అని మనోళ్ళు కూడా చూసే కులం ఆమెది. నేను ఫోన్ మాట్లాడుతూ, నడక ఆపకుండా, జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి ఆ గుడ్డ మీదికి విసిరిన. అది గుడ్డ అంచుకు తగిలి సిమెంటు మీద దొర్లుకుంటా పోయింది. ఆమె కూసున్న చోటు నుంచే రెండు చేతులూ నేల మీద ఆనిచ్చి, వంగి, జరుగుకుంటా పోయి దాన్ని అందుకున్నది. ఆ వంగడం చూసిన. అది నేను ఎరిగిన వంగడం.

నా మెడలో నీలం కండువా ఉంది. ఆ రోజు నేను పోతున్నది భువనగిరిలో సమానత్వం మీద మాట్లాడటానికి.

ఎక్కాల్సిన బస్సు పోనిచ్చి, వెనక్కి పోయి ఆమె ముందు కూసున్న. ఏమనాలో తెలియలేదు. “అమ్మా, ఎక్కడినుంచి వచ్చినవ్?” అని అడిగిన. చెప్పింది. ఇంకో పది రూపాయలు ఆమె చేతిలో పెట్టిన. ఆమె నా చేతిని చూసింది, మొఖం చూసింది. “నువ్ మంచిగున్నవా బిడ్డా?” అన్నది. దానం చేసినోడిని ఆమె పరామర్శించింది. అప్పుడు మా నాయిన అనకుండా దాచుకున్న సగం మాట నాకు అర్థమైంది. బిళ్ళను మట్టిలో పెట్టిన పెద్దమనిషి, గుడ్డ మీదికి విసిరిన నేను, ఇద్దరం ఒకే ముద్ర కింద ఉన్న నకిలీ నాణేలమే. ఒకడికి దొరతనం ముద్ర, నాకు ఉద్యమం ముద్ర.

దానం ఎట్లా చేయాలో బుద్ధుడు అంగుత్తర నికాయంలో అయిదు మాటల్లో చెప్పాడు. సత్పురుషుడు గౌరవంగా ఇస్తాడు, మనసు పెట్టి ఇస్తాడు, తన చేత్తో ఇస్తాడు, పారేసినట్టు ఇవ్వడు, దాని ఫలం ఉంటుందని తెలిసి ఇస్తాడు. అసత్పురుషుడు వీటికి ఎదురు. ‘పారేసినట్టు’ అన్న ఆ ఒక్క మాట మనం ఎన్నిసార్లు చదివి దాటేశామో! ఎంత ఇచ్చావని అక్కడ లెక్క లేదు. ఎట్లా ఇచ్చావన్నదే లెక్క. అశోకుడు కూడా ధమ్మదానాన్ని మించిన దానం లేదని శాసనం రాయించి, ధమ్మమంటే ఏమిటో చెప్పేటప్పుడు మొదట పెట్టింది దాసులతో, పనివాళ్ళతో సరైన నడవడి. ఆ సింహాలను నిలబెట్టినవాని మాట ఇది.

ఆ పిల్లకు జవాబు

మా నాయిన రెండేండ్ల కింద చనిపోయిండు. శవయాత్రలో పేలాలతో పాటు చిల్లర పైసలు చల్లడం మన దగ్గర ఆచారం. వాటిని ఏరుకునేది మన వాడ పిల్లలే. నేను కూడా ఏరుకున్నవాణ్ణే. ఈసారి చల్లేది లేదని చెప్పిన. మా మేనత్త ఏడ్చింది, “పైసలు సల్లకుంటే మా అన్న ఎట్ల పోతడురా?” అని. ఆమెను తప్పు పట్టలేను, ఆమెకు తెలిసిన ప్రేమ అది. “అత్తా, నాయిన బతికినన్ని దినాలు మట్టిల నుంచే పైసలు ఏరిండు. పోయేటప్పుడన్న ఆయన పేరు మీద ఎవరూ వంగొద్దు” అన్న. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కొంగుకు కట్టుకున్న చిల్లర విప్పి నా చేతిలో పెట్టింది. త్రిశరణం చదివి నాయినను సాగనంపినం. డప్పు కొట్టడానికి వచ్చినోళ్ళకు కూలి చేతిలో పెట్టి దండం పెట్టినం. మిగిలిన చిల్లరతో వాడలో పిల్లలకు నోటు పుస్తకాలు కొన్నం.

అందుకే ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది:

“బిడ్డా, సర్కారు బిళ్ళ మీద సింహాలే ఉన్నయి. వాటి నెత్తి మీద ఉండాల్సిన చక్రం విరిగిపోయింది. దాన్ని టంకశాల పెట్టలేదు. బిళ్ళ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేటప్పుడు ఆ రెండు చేతులు దాన్ని పెట్టాలె. ఊరు మనల్ని దూరం పెట్టడం ఊరి తప్పు. దాన్ని అడుగుదాం, చట్టంతోని కొట్లాడుదాం. మనకంటే కింద అని మనం అనుకునేటోళ్ళను దూరం పెట్టడం మన తప్పు. దాన్ని ఈ రోజే మానుకుందాం.”

ఆ వారం నుంచి ఆలేరులో మేము కొన్ని పనులు మొదలుపెట్టాం. మీ ఊర్లో కూడా చేసి చూడండి.

పైస ఎవరికిచ్చినా చేతిలో పెట్టి ఇద్దాం. అవతలి మనిషి మొఖం చూసి ఇద్దాం. కూలి అయినా, చిల్లర అయినా, దానం అయినా. ఎవరైనా మనకు విసిరితే, జానెడు పైనుంచి జారవిడిస్తే, చెయ్యి చాపి నిలబడి “చేతిలో పెట్టు” అని శాంతంగా అడుగుదాం. కోపం అక్కర్లేదు, వంగడం అసలే వద్దు. పెండ్లిలో గానీ చావులో గానీ నేల మీద పైస పెట్టి డప్పు కళాకారులతో తీయించే పని ఎక్కడ జరిగినా అక్కడే ఆపుదాం. మన ఇంటి శవయాత్రల్లో చిల్లర చల్లడం మానేద్దాం. సంఘం హుండీ లెక్క ప్రతి నెలా అందరి ముందు చదువుదాం, ఎందుకంటే లెక్క చెప్పని సంఘం చీలిపోతుంది. ఎవరేమన్నా, పుకారును విన్న వెంటనే నమ్మకుండా సరాఫులా మోగించి చూద్దాం, అది పది రూపాయల బిళ్ళ గురించైనా, పక్క కులం గురించైనా.

2011 జూన్ 30 తర్వాత చారాణా బిళ్ళ చెల్లదని సర్కారు ప్రకటించింది. నా పెట్టెలో ఇప్పటికీ ఒకటుంది, మీద సింహాలతో సహా. బిళ్ళకు కాలం చెల్లుతుంది. ఏ సర్కారూ, ఏ ఊరూ, ఏ గ్రంథమూ చెల్లదని ప్రకటించలేనిది మనిషి ఒక్కడే. ఆ మాట మనం నమ్మితే చాలదు, మన చెయ్యి కూడా నమ్మాలి.

భవతు సబ్బ మంగళం.
జై భీమ్.